కత్తెర పురుగు ఎన్నిసార్లు వచ్చింది?

కత్తెర పురుగు వచ్చిన దారిని ప్రపంచ పటం మీద గీయడం చాలా తేలికనిపిస్తుంది. 2016 మొదట్లో పశ్చిమాఫ్రికాలోని నైజీరియాలో కనిపించింది. ఆ ఏడాదే బెనిన్, టోగోల్లో, సముద్రంలో ఉన్న సావో తోమే దీవిలో పట్టుబడింది. రెండేళ్లు తిరిగేసరికి సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దాదాపు అంతా దాని పాలైంది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్న చేలలో దొరికింది. ఏడాది గడవకుండానే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, మహారాష్ట్రల్లో మొక్కజొన్న మొవ్వులు తొలిచేసి, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్‌లలో కూడా దిగింది. 2019 జనవరిలో చైనాలోని యునాన్, 2020 మొదట్లో ఆస్ట్రేలియా ఉత్తరపు కొస. ఈ తేదీలను వరసగా కలుపుకుంటూ పోతే పడమటి నుంచి తూర్పుకు ఒకే గీత వస్తుంది. ఆ గీత చెప్పే కథ కూడా ఒకటే: అమెరికా ఖండాల్లో పుట్టిన పురుగు ఏదో ఒక రోజు ఏ విమానంలోనో ఓడలోనో ఆఫ్రికాలో దిగింది, అక్కడ పెరిగింది, తన రెక్కల మీద ఇక్కడిదాకా వచ్చింది. అయితే తేదీలను పక్కనబెట్టి పురుగుల జన్యువులను చదివినవాళ్లలో చాలామందికి ఈ గీత అంత తిన్నగా కనిపించలేదు. పురుగు సముద్రం దాటింది ఒక్కసారేనన్న మాట మీద గట్టి అనుమానాలు పుట్టాయి. ఆ అనుమానాలు నిజమైతే మన కాపలా తీరు, మందుల లెక్క రెండూ మార్చుకోవాలి. మార్చుకోవాలనే నా వాదన.

ముందు పురుగు గురించి నాలుగు మాటలు. శాస్త్రీయ నామం స్పొడోప్టెరా ఫ్రూజిపెర్డా. మన రైతులు తరతరాలుగా ఎరిగిన పొగాకు లద్దె పురుగుకు ఇది దాయాది. లార్వా తల మీద తిరగేసిన ఇంగ్లిషు ‘వై’ అక్షరంలాంటి గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే అది కత్తెర పురుగే. ఆడ రెక్కల పురుగు ఒక్కటే వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. వెచ్చని వాతావరణంలో నెల రోజులకు ఒక తరం పూర్తవుతుంది. 353 రకాల మొక్కల మీద బతకగలదని 2018లో లెక్క తేల్చారు గానీ దాని మనసు మాత్రం మొక్కజొన్న మీదే. పుట్టిల్లు ఉత్తర, దక్షిణ అమెరికాల్లోని వేడి ప్రాంతాలు. గడ్డకట్టే చలికి బతకదు, చలికాలాన్ని నిద్రలో గడిపే ఏర్పాటు దానికి లేదు. అందుకని చలికాలమంతా దక్షిణ ఫ్లోరిడా, దక్షిణ టెక్సస్‌లలో తలదాచుకుని, ఎండలు మొదలయ్యాక గాలివాటున తరం వెంట తరంగా ఉత్తరానికి జరుగుతూ ఏటా కెనడా దాకా పోతుంది. ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు ఎగరగలదు. ఆఫ్రికాను అంత తొందరగా చుట్టేయడానికి ఈ రెక్కలే కారణమన్న సంగతిలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. భేదం వచ్చేది సముద్రం దగ్గర.

అట్లాంటిక్ మీద వ్యాపార పవనాలు ఆఫ్రికా నుంచి కరీబియన్ వైపు వీస్తాయి. 1988 అక్టోబరులో ఆఫ్రికా ఎడారి మిడతలు ఆ గాలినెక్కి కరీబియన్ దీవుల్లో దిగాయి కూడా. మిడత వెళ్లిన దారిన కత్తెర పురుగు ఇటు రావాలంటే వేల కిలోమీటర్లు గాలికి ఎదురెగరాలి. కనుక మనుషుల సరుకుతోపాటు వచ్చి ఉంటుందన్నదే ఎక్కువమంది అంచనా. దీనికి బలమైన ఆనవాలు ఐరోపా సరిహద్దుల్లో ఉంది. సురినామ్ లాంటి దేశాల నుంచి దిగే మిరపకాయల, వంకాయల పెట్టెల్లో ఈ పురుగు లార్వాలు అక్కడి తనిఖీ అధికారులకు పదే పదే దొరికాయి. యూరోపియన్ యూనియన్ 2018 ఏప్రిల్‌లో ప్రత్యేకించి ఈ ఒక్క పురుగు కోసం అత్యవసర నిబంధనలు తెచ్చింది. దొరికిన ప్రతి పెట్టె వెనుకా సముద్రం దాటిన ఒక ప్రయాణం ఉంది. తనిఖీ గట్టిగా ఉన్నచోటే ఇన్నిసార్లు దొరికిందంటే, తనిఖీ పలచగా ఉన్న రేవుల్లో దొరక్కుండా పోయినవి బొత్తిగా లేవని ఎలా అనుకుంటాం? సరుకు రాకపోకల సంగతి తెలిసినవాళ్లకు ఒకే ఒక్క రాక అన్నదే వింతగా తోచాలి.

మరి శాస్త్రవేత్తలు మొదట్లో ఒకే రాక అని ఎందుకనుకున్నారు? వాళ్లు చదివిన జన్యువు అలాంటిది. కీటకం ఏ జాతిదో తేల్చడానికి ప్రయోగశాలల్లో మామూలుగా చదివేది మైటోకాండ్రియాలోని 658 అక్షరాల జన్యు ముక్క. బార్‌కోడ్ అంటారు. చవక, త్వరగా అయిపోతుంది, జాతి పేరు చెప్పడానికి సరిపోతుంది. ఆఫ్రికాలో గానీ ఇండియాలో గానీ చైనాలో గానీ పట్టిన పురుగుల్లో ఈ ముక్కకు ప్రధానంగా రెండే రూపాలు దొరికాయి. అమెరికా ఖండాల్లో అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. పుట్టినచోట వైవిధ్యం ఎక్కువ, వలస వెళ్లినచోట తక్కువ అన్నది జీవశాస్త్రంలో పాత సూత్రం. కొద్ది పురుగులే దాటాయి, వాటి సంతానమే మూడు ఖండాలను నింపింది అనుకోవడానికి ఇది బాగా కుదిరింది. అయితే మైటోకాండ్రియా బిడ్డకు తల్లి నుంచి మాత్రమే వస్తుంది. మనకు ఇంటిపేరు తండ్రి నుంచే వస్తుంది కదా, ఇంటిపేరొక్కటే చూసి మనిషి వంశం చెప్పబోతే అమ్మమ్మలూ నాయనమ్మలూ వాళ్ల పుట్టిళ్లూ లెక్కలోంచి జారిపోతాయి. బార్‌కోడ్‌తోనూ అదే జరిగింది, కాకపోతే ఇక్కడ జారిపోయింది తండ్రులు. కత్తెర పురుగు కణకేంద్రకంలో 31 జతల క్రోమోజోములు, వాటిలో దాదాపు 40 కోట్ల అక్షరాలు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ముట్టుకోకుండా తేల్చిన వంశవృక్షం అది.

తల్లి వైపు మాత్రమే చూస్తే ఎంత పొరపాటు జరగగలదో మన దేశంలోనే తేలింది. కత్తెర పురుగులో చూడటానికి తేడా తెలియని రెండు రకాలున్నాయని 1986లో డొరతీ పాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూపించారు. ఒకటి మొక్కజొన్న, జొన్న, పత్తి మీద ఎక్కువగా దొరుకుతుంది. రెండోది వరి మీద, పచ్చిక బయళ్ల గడ్డి మీద. మొదటిది రాత్రి తొలిభాగంలో జతకడితే రెండోది తెల్లవారుజాముకు దగ్గర్లో. ఆడ పురుగు మగపురుగును పిలిచే వాసనలో పాళ్లు కూడా రెండింటికీ కొంచెం వేరు. మన దేశంలోకి వచ్చిన తొలి ఏడాదే బార్‌కోడ్ పరీక్ష చేస్తే ఎక్కువ పురుగుల్లో వరి రకం గుర్తు బయటపడింది. వరి తినే దేశంలో ఇంతకన్నా గుండెలు గుభేలుమనే వార్త ఉండదు. మొక్కజొన్న తర్వాత వంతు వరిదేనన్న భయం పాకింది. కానీ గోదావరి, కృష్ణా డెల్టాల్లో గానీ బెంగాల్లో గానీ అది మొక్కజొన్న మీద పడ్డట్టు వరి మీద పడలేదు. ఎందుకంటే ఆ పురుగులు తల్లి వైపు గుర్తును బట్టి వరి రకమైనా కేంద్రకంలోని జన్యువుల్ని బట్టి మొక్కజొన్న రకం. కేంద్రకంలోని జెడ్ క్రోమోజోము మీద ఉండే ట్రయోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ అనే జన్యువును చదివితే ఆఫ్రికాలోనూ ఇండియాలోనూ దాదాపు అన్నీ మొక్కజొన్న రకంగా తేలాయి. ఎప్పుడో ఒక వరి రకం ఆడపురుగు మొక్కజొన్న రకం మగపురుగుతో జతకట్టిన సంకరం, ఆ తర్వాత తరతరాలూ మొక్కజొన్న రకంతోనే కలిసింది. తల్లి గుర్తు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది.

రాడ్నీ నగోషి, ఆయన సహచరులు చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన ఫ్లోరిడాలోని అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో పనిచేశారు. మొక్కజొన్న రకం పురుగుల మైటోకాండ్రియాలో కొన్ని చిన్న తేడాల నిష్పత్తి ప్రాంతాన్ని బట్టి మారుతుందని ఈ బృందం అంతకు చాలా ముందే గమనించింది. టెక్సస్‌లో, మధ్య, దక్షిణ అమెరికాల్లో ఒక రూపానిది పైచేయి, ఫ్లోరిడా, పోర్టోరికో, చిన్న కరీబియన్ దీవుల్లో మరొక రూపానిది. అమెరికా లోపల ఏ వలస ఎటు పోతోందో తెలుసుకోవడానికి మొదలుపెట్టిన పని అది. ఆఫ్రికాలో పురుగు బయటపడ్డాక అదే కొలబద్దతో చూస్తే అక్కడ ఉన్నది ఫ్లోరిడా-కరీబియన్ తీరు. ఇండియాలోనూ, ఆగ్నేయాసియాలోనూ అదే. కనుక మూలం ఆ ప్రాంతమని, తూర్పు దేశాల పురుగులు ఆఫ్రికా పురుగులకు దగ్గర చుట్టాలని నగోషి బృందం నిర్ణయించింది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే ఆ నిర్ణయానికి ఆధారం కొద్దిపాటి గుర్తులు. ఫ్లోరిడా నుంచి ఒకసారి వచ్చినా పదిసార్లు వచ్చినా వాటిలో కనబడేది ఒకే తీరు. ఆ గుర్తులు పురుగు ఎక్కడిదో చెప్పగలవు గానీ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేవు. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటిగా కలిపేయడం వల్లే ఒకే రాక కథకు అంత బలం వచ్చిందని నా అభిప్రాయం.

పూర్తి జన్యు పటాలు చదవడం మొదలయ్యాక చిత్రం మారింది. రెండు రకాల పూర్తి పటాలూ 2017లో వెలువడ్డాయి. వాటిని ఆధారం చేసుకుని ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓకు చెందిన వీ టెక్ టే, పలు దేశాల సహచరులతో కలిసి అమెరికా, ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా పురుగులను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే గుంపు పడమటి నుంచి తూర్పుకు పాకితే తూర్పుకు పోయేకొద్దీ పురుగులు ఆఫ్రికా పురుగులకు నకళ్లలా ఉండాలి, వైవిధ్యం మెట్టుమెట్టుగా తగ్గాలి. కనబడింది అలా లేదు. మలేసియా పురుగుల జన్యు రూపం ఆఫ్రికా వాటికి భిన్నంగా వచ్చింది. ఆగ్నేయాసియాలో ఒకచోటి పురుగులకూ మరోచోటి వాటికీ పొంతన లేదు. ఆస్ట్రేలియాలోకి కూడా ఒకటికి మించిన దారుల్లో వచ్చిన ఆనవాళ్లున్నాయి. అమెరికా ఖండాల నుంచి ఆసియాకు ఆఫ్రికాతో నిమిత్తం లేకుండా కూడా పురుగు వచ్చి ఉండాలని, అదీ పలుమార్లని 2022, 2023లలో వెలువడ్డ ఈ అధ్యయనాల సారాంశం.

ఇక్కడ సందేహాలు రావడం సహజం. మొదటిది తేదీల గురించి. ఆసియాకు నేరుగా వస్తే ఆఫ్రికాలో ముందు, ఆసియాలో తర్వాత కనబడటం ఏమిటి? కనబడిన వరస, వచ్చిన వరస ఒకటే కానక్కర్లేదన్నదే దీనికి జవాబు. తెలుగు రైతుకు ఇది అనుభవంలో ఉన్నదే. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల పూతను రాల్చేసిన నల్ల తామర పురుగు ఆ ఏడు కొత్తగా దిగిందని చాలామంది అనుకున్నారు. అది బెంగళూరు దగ్గర బొప్పాయి మీద ఉన్నట్టు 2015లోనే శాస్త్ర పత్రికలో నమోదైంది. ఆరేళ్లు గడిచాక గానీ దాని పేరు ఊళ్లలో వినబడలేదు. నమోదు కాకముందు ఎన్నాళ్లున్నదో మళ్లీ వేరే లెక్క. కత్తెర పురుగు విషయంలో ఇంకో సంగతి ఉంది. 2016లో ఆఫ్రికా గగ్గోలు పెట్టాకే మిగతా దేశాలు దాన్ని వెతకడం మొదలుపెట్టాయి. అంతకుముందు ఎవరైనా చూసినా లద్దె పురుగనో మరొకటనో అనుకుని వదిలేసే అవకాశం ఎక్కువ. తేదీలు పురుగు నడకతోపాటు మన చూపు నడకను కూడా చూపిస్తున్నాయి.

రెండో సందేహం ఇంకా గట్టిది, శాస్త్రవేత్తల్లోనే ఉంది. కొత్తచోట పడ్డ చిన్న గుంపులో జన్యు రూపాల పాళ్లు యాదృచ్ఛికంగానే మారిపోతాయి. మందులు కొట్టిన చేలలో బతికి బయటపడ్డ పురుగుల సంతానంలో ఇంకా తొందరగా మారతాయి. నెలకో తరం లెక్కన మూడేళ్లలో ముప్పై తరాలు దాటుతాయి. ఆ తేడాలు చూసి వేరు వేరు రాకలని భ్రమపడటం లేదని నమ్మకమేమిటి? పైగా ఒక్కో దేశం నుంచి చదివినవి కొద్ది పదుల పురుగులే. వేర్వేరు ప్రాంతాల పురుగుల మధ్య జన్యు తేడా అతి స్వల్పమని, అన్నీ ఒకే కలగాపులగమని 2021లో మరో బృందం తేల్చింది కూడా. ఈ అభ్యంతరంలో పాళ్ల గురించి చెప్పినంతవరకూ న్యాయముంది. కానీ యాదృచ్ఛిక మార్పు ఉన్న రూపాలను పెంచుతుంది, తగ్గిస్తుంది, చెరిపేస్తుంది. ఆఫ్రికాలో లేని, అమెరికాలో ఉన్న రూపాన్ని మలేసియాలో కొత్తగా పుట్టించలేదు. అలాంటి రూపాలు తూర్పున దొరికినప్పుడు రెండే వివరణలు మిగులుతాయి. ఆఫ్రికాలో అవి ఉండీ మన నమూనాల్లో పడలేదు, లేదా అవి వేరే దారిన వచ్చాయి. నమూనాలు పెరిగేకొద్దీ మొదటి వివరణకు చోటు తగ్గుతుంది. తేడా స్వల్పమన్న మాట కూడా బహుళ రాకలకు అడ్డు కాదు. పదే పదే వచ్చి కలిసిపోతుంటే తేడాలు చెరిగి అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి మరి. ఎన్నిసార్లు, ఎప్పుడు, ఏ రేవు గుండా అన్న లెక్క ఇప్పటికీ తెగలేదు. ఒక్కసారే అన్న మాట మాత్రం ఇక నిలబడేలా లేదు.

సరే, పదిసార్లే వచ్చిందనుకుందాం, ఇప్పుడు దేశమంతా ఉంది కదా, ఇంకోసారి వస్తే కొత్తగా పోయేదేమిటి? ఇది నిత్యం వినిపించే అభ్యంతరం, విధానాలు రాసేవాళ్ల మనసులో ఉండేది కూడా ఇదే. దీనికి జవాబు తెల్లదోమ ఇచ్చింది. బెమీసియా టబాకి అనే తెల్లదోమ మన దేశంలో వందేళ్లకు పైగా ఉంది. జాబితా ప్రకారం అది పాత కాపు. అయినా 1999లో కర్ణాటకలోని కోలారు దగ్గర టమాటా తోటల్లో దాని ‘బి’ రకం మొదటిసారి బయటపడింది. పేరు అదే, చూడటానికి అంతే, లోపలి జన్యువులు వేరు. టమాటా మీద మన నాటు తెల్లదోమకన్నా తొందరగా పెరిగింది, గుంపులు గుంపులుగా ఆకుముడత వైరస్‌ను మోసింది. కోలారు సరిహద్దుకు ఇవతలే మదనపల్లె టమాటా ఉంది. జాతి పేరు చూసి ‘ఇది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే’ అని వదిలేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

కత్తెర పురుగులో అలాంటి ప్రమాదానికి పేరూ ఊరూ ఉన్నాయి. పోర్టోరికోలో 2003 నుంచి క్రై1ఎఫ్ అనే విషప్రొటీను ఉన్న బీటీ మొక్కజొన్న వేశారు. 2006 నాటికే కత్తెర పురుగు దాన్ని మామూలు మొక్కజొన్నలాగే తినేస్తుండటంతో ఆ విత్తనాన్ని అక్కడి మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. పురుగు పేగులో ఆ ప్రొటీను తగులుకునే చోటును తయారుచేసే ఏబీసీసీ2 అనే జన్యువు పాడైపోవడం దీనికి కారణమని తేలింది. బ్రెజిల్‌లోనూ కొన్నేళ్లకే ఇదే ఫలితం, అదే జన్యువు, కానీ మార్పు జరిగిన చోటు వేరు. పోర్టోరికో పురుగుల్లో మన రైతులు నేడు ఈ పురుగు మీద ఎక్కువగా ఆధారపడే క్లోరాంట్రానిలిప్రోల్ మందును కూడా తట్టుకునే శక్తి బాగా పెరిగింది. ఇక చైనాలోకి వచ్చిన పురుగుల జన్యువులను మొదట్లో పరీక్షించినప్పుడు పాత ఆర్గానోఫాస్ఫేట్ మందులకు లొంగకుండా చేసే మార్పులు అప్పటికే ఉన్నాయి. పోర్టోరికో, బ్రెజిల్‌లలో బీటీని ఓడించిన ఆ ఏబీసీసీ2 మార్పులు మాత్రం దొరకలేదు. అంటే ఈ పురుగు తనతో కొన్ని నిరోధక జన్యువులను తెచ్చింది, కొన్ని ఇంకా సముద్రానికి అవతలే ఉన్నాయి. అవతల ఉన్నవాటిని మోసుకుని మరో పెట్టె, మరో విమానం రాదన్న రాతపూర్వక హామీ ఏదీ లేదు. వచ్చిన నాడు ఇక్కడి పురుగుల్లో కలిసిపోవడానికి వాటికి ఏ అడ్డూ ఉండదు. మందు మారిస్తే పోతుందిలే అనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఒక మందు పనిచేయడం మానేసిన ఊరికి కొత్త మందు వచ్చేలోపు పోయే పంటలు మొక్కజొన్న రైతువి, దాణా ధర రూపంలో కోళ్ల రైతువి కూడా.

గాలి దారిన వచ్చేదాన్ని క్వారంటైన్ ఆపగలదా అన్న ప్రశ్న కూడా ఉంది. ఆపలేదు. బంగ్లాదేశ్ నుంచి ఎగిరొచ్చే పురుగుకు ఏ తనిఖీ అధికారీ ఎదురుపడడు. కానీ గాలి దారిన వచ్చేవి చుట్టుపక్కల దేశాల్లో ఉన్న జన్యువులే. మహాసముద్రాలకు అవతల ఉన్నవి సరుకులోనే రావాలి, సరుకు దిగేది లెక్కపెట్టగలిగినన్ని చోట్లే. 1914 నాటి విధ్వంసక కీటకాల చట్టం కింద 2003లో మన దేశం తెచ్చిన దిగుమతి క్వారంటైన్ ఉత్తర్వు పనిచేసేది జాతుల పేర్ల జాబితా మీద. దేశంలో ఒకసారి వ్యాపించిన జాతి మీద సహజంగానే శ్రద్ధ తగ్గుతుంది. నా తగాదా ఆ తీరుతోనే. వచ్చేసిన జాతిలో కూడా రాని జన్యువులు ఉన్నాయన్న సంగతికి ఆ జాబితాలో చోటు లేదు.

ఇదంతా ప్రయోగశాలల గొడవ, చేలో ఉన్న రైతుకు పురుగు ఏ ఊరిదైతేనేం అన్న మాటను కూడా తోసిపుచ్చలేం, ఎందుకంటే ఇవాళ సాయంత్రం ఏం పిచికారీ చేయాలన్నదే అతని ప్రశ్న. కానీ మూలం తెలియక పిచికారీతో పని లేకుండా పోయే అవకాశం కొన్నేళ్లు చేజారిన సందర్భం చరిత్రలో ఉంది. 1970ల మొదట్లో ఆఫ్రికాలోని కాంగో ప్రాంతంలో కర్రపెండలం మీద కొత్త పిండినల్లి దిగింది. కోట్లమందికి ఆ దుంపే తిండి. పిండినల్లి సహజ శత్రువు కోసం శాస్త్రవేత్తలు దక్షిణ అమెరికా ఉత్తర భాగమంతా గాలించారు. అక్కడ దొరికినది అలాగే కనిపించే వేరే జాతి, దాని శత్రువులు ఆఫ్రికాలో పనికిరాలేదు. అసలు పిండినల్లి 1981లో ఎక్కడో దక్షిణాన పరాగ్వేలో దొరికింది. దానితోపాటే దాన్ని తినే చిన్న కందిరీగ అనాగైరస్ లోపెజీ దొరికింది. హాన్స్ హెరెన్ నాయకత్వంలో దాన్ని ఆఫ్రికాలో పెంచి వదిలాక పిండినల్లి అదుపులోకి వచ్చింది, 1995లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ఆ పిండినల్లి 2020లో కేరళలో దిగినప్పుడు మనకు కొత్తగా వెతకాల్సిన పని పడలేదు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో బెనిన్ నుంచి ఆ కందిరీగను తెప్పించి 2022లో తమిళనాడులో వదిలింది. సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లులకు దుంప అందించే రైతులకు ఇది దూరపు వార్తేమీ కాదు.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. ఫ్లోరిడా, కరీబియన్ అన్న పేర్లు వినగానే ఎవరో పనిగట్టుకుని పంపారని ఊహించేవాళ్లున్నారు. జన్యువుల్లో అలాంటి దానికి ఆధారమేమీ లేదు. కూరగాయలు, పూలు ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి ఒక రోజులో చేరే కాలంలో పురుగును ఎవరూ పంపనక్కర్లేదు.

చివరికి ఖర్చు సంగతి. దేశమంతటా పురుగుల జన్యువులు చదవడం పేద దేశానికి తగిన పనేనా? పూర్తి జన్యు పటం చదివే ఖర్చు ఇరవై ఏళ్ల కిందటితో పోలిస్తే ఎన్నో రెట్లు పడిపోయింది. పైగా ప్రతి పురుగునూ చదవనక్కర్లేదు. ఏబీసీసీ2లో, క్లోరాంట్రానిలిప్రోల్ తగులుకునే జన్యువులో తెలిసిన మార్పులున్నాయా లేవా అని చూడటం చిన్న ప్రయోగశాలలో అయ్యే పని. మొక్కల ఆరోగ్యానికి సంబంధించిన జాతీయ సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది, విత్తన నమూనాలకు క్వారంటైన్ చేసే ఎన్‌బీపీజీఆర్ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే ఉంది. అసలు కష్టమైన భాగం పురుగులను పట్టడం, దాన్ని రైతులు ఇప్పటికే చేస్తున్నారు. వ్యవసాయ శాఖ సలహా మీద మొక్కజొన్న చేలలో ఎకరానికి ఇన్నని లింగాకర్షక బుట్టలు కడుతున్నారు. వాటిలో పడ్డ రెక్కల పురుగులను లెక్కపెట్టి, రిజిస్టర్లో అంకె వేసి, పురుగులను పారబోస్తున్నారు. పంట కాలంలో జిల్లాకు కొన్ని బుట్టల్లోని పురుగులను తేదీ, ఊరు పేరు రాసి ఆల్కహాలు సీసాలో వేసి రాజేంద్రనగర్ పంపితే, రేవులకు దగ్గరగా ఉన్న విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు జిల్లాల నుంచి ఇంకాస్త తరచుగా పంపితే, కొత్త జన్యువు దిగిన సంగతి మందు పనిచేయలేదని రైతు షాపువాడితో గొడవపడేదాకా ఆగకుండా ముందే తెలుస్తుంది.